గాయపడిన వీరునికి వెల కట్టుట

ఆటగాండ్రను వేలమునందు కొనుటయు, ఒక జట్టువారు తమ యాటగానిని సొమ్మునకు మరియొక జట్టువారికి బదిలీ చేయుటయు నేడు మన దేశమున సామాన్య వ్యవహారములైనవి. 2008లో క్రికెట్టుతో నారంభమైన యీ పద్ధతి 2014లో ప్రో కబడ్డీ పోటీలతో మన పల్లెల చెడుగుడునకు గూడ వ్యాపించినది. ఇట్టి బేరములలో మిక్కిలి చిక్కైనది యొకటి కలదు. ఆటయందు సాటిలేనివాడు, కాని దేహమున గాయము తగిలియున్నవాడు వేలమునకు వచ్చినచో వానిని కొనవచ్చునా? కొన్నచో నెంతకు కొనవలెను? ఆ గాయము తిరుగబెట్టినచో నష్టమెవరు భరింపవలెను? వినోదప్రియుల కాలక్షేపపు ప్రశ్నలుగా గానవచ్చుచున్నను, వీనియందు మానవ దేహముయొక్క మర్యాదకు సంబంధించిన ధర్మమొకటి యిమిడియున్నది. కావుననే యీ విషయమును విచారింప బూనితిమి.

కంచిలి మొదలు పలాస వరకుగల యుద్దానపు రైతునకు ఇట్టి తూనిక క్రొత్తది కాదు. ఎద్దును కొనబోవువాడు దాని కొమ్ములను, రంగును చూచి మురిసి సొమ్ము చెల్లింపడు. పండ్లు చూచును; గిట్టలు చూచును; గట్టినేలపై నడిపించి చూచును; కాడి మోపి నాలుగు చాళ్లు దున్నించి చూచును. అమ్మువాడు గుణములనే చెప్పును, కొనువాడు దోషములనే వెదకును. "కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" యను సామెత పుట్టినది ఇట్టి బేరములనుండియే. అయినను పశువునకు, మనుష్యునకు నడుమ భేదమొకటి కలదు. ఎద్దు తన కుంటును దాచుకొనదు. మనుష్యుడు దాచుకొనును; దాచుకొనవలసిన పరిస్థితిని మనమే కల్పించుచున్నాము. ఈ భేదమును మనస్సునం దుంచుకొని ఇటీవలి బేరములను బరిశీలింతము.

తెలుగువారి పేరు పెట్టుకొని ప్రో కబడ్డీయందు మొదటి యేటినుండి ఆడుచున్న జట్టు తెలుగు టైటాన్సు. ఈ జట్టు పవన్ కుమార్ సెహ్రావత్ అను కూతగానిని కొనిన వృత్తాంతము మన విచారమునకు మిక్కిలి తగిన యుదాహరణము. ఈతడు బెంగళూరు జట్టున నాడి దేశమందలి కూతగాండ్రలో నగ్రగణ్యుడని పేరొందినవాడు. 2022 ఆగస్టునందు జరిగిన వేలమున తమిళ తలైవాసు జట్టువా రితనిని 2 కోట్ల 26 లక్షల రూపాయలకు కొనిరి. అంతకు పూర్వ మా పోటీలలో నే యాటగానికిని అంత వెల పలుకలేదు. అక్టోబరునందు తలైవాసుల తొలి మ్యాచి జరిగెను. ఆట యారంభమైన కొలది నిమిషములకే, ఎదుటి కూతగానిని పట్టబోయి పవన్ మోకాటికి తీవ్రమైన దెబ్బ తగిలించుకొనెను. తోడివారు మోసికొనిపోవలసి వచ్చినది. ఆ యేటి పోటీలలో నతడు మరల బరిలో నడుగిడలేదు. రెండుకోట్లకు మించిన సొమ్ము కొలది నిమిషముల యాటతో ముగిసినది.

చెడుగుడున మోకాలెంత ముఖ్యమో మన పల్లెలలో నాడినవారికి జెప్పనక్కరలేదు. కూతకు బోయినవాడు ముప్పది సెకండ్లలో ఏడుగురి నడుమ దూరి, ఒకరినైన దాకి, గీత దాటి తిరిగి రావలెను. పరుగెత్తుచునే యాగవలెను, ఆగినచోటనే వెనుదిరుగవలెను. పట్టువారు చీలమండనో తొడనో యొడిసి పట్టుదురు. దేహభారమంతయు నొక కాలిపై నుండగా నితరులు మీదబడుదురు. మోకాటి లోపలి నరపుపట్టీ, వైద్యులు లిగమెంటు అని పిలుచునది, ఇట్టి మెలికకే తెగును. అది పూర్తిగ తెగినచో శస్త్రచికిత్సయు, పిదప సుమారు తొమ్మిది నెలలు లేక సంవత్సరము వరకు వ్యాయామ చికిత్సయు నవసరమగును. త్వరపడి బరిలోనికి వచ్చినవారికి, అందును పిన్నవయస్కులకు, గాయము తిరుగబెట్టు భయ మధికమని వైద్యులు చెప్పుచున్నారు.

పవన్ విషయమున కోలుకొనుట చక్కగనే జరిగినది. 2023 జూనునందు బూసాన్ నగరమున జరిగిన ఆసియా కబడ్డీ పోటీలలో నతడు భారతజట్టునకు నాయకుడై విజయము సాధించెను. అక్టోబరు 7వ తేదీన హాంగ్‌చౌ ఆసియా క్రీడల తుదిపోటీయందు ఇరానును 33-29 తేడాతో నోడించి స్వర్ణపతకము గెలిచిన జట్టునకును అతడే నాయకుడు. అటుపిమ్మట రెండుదినములకే ముంబయియందు ప్రో కబడ్డీ వేలము. తలైవాసు లతనిని విడిచిపెట్టిరి. తెలుగు టైటాన్సు 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు గొనిరి. గాయపడకపూర్వము పలికిన ధరకంటె గాయపడిన పిదప పలికిన ధరయే హెచ్చు!

ఆనాటి తూనికను నిష్పక్షపాతముగ విచారింతము. కొనవలెననువారి పక్షమున బలమైన కారణము లుండెను. మోకాలు నిలుచునా యను సంశయమునకు బూసానులోను, హాంగ్‌చౌలోను జరిగిన యాటయే ప్రత్యుత్తరము. గట్టినేలపై నడిపించి చూచుట యనినదే యిది. పైగా టైటాన్సు వరుసగ రెండేండ్లు పట్టికయందు అట్టడుగున నుండి అభిమానులను నిరాశపరచిన జట్టు. జనమును మరల మైదానమునకు రప్పింపగల వీరుడొకడు వారికి గావలసియుండెను. కూడదనువారి పక్షమునను కారణము లుండెను. ఆ యేడు ఒక్కొక్క జట్టు ఆటగాండ్రపై వెచ్చింపదగిన మొత్తము 5 కోట్ల రూపాయలు మాత్రమే. అందు సగమునకు మించిన సొమ్ము ఒక్క మనుష్యునిపై, అందును ఒకమారు దెబ్బతిన్న మోకాటిపై, నిలుపుట జరిగినది. పదునెనిమిదెకరముల భూమిగల రైతు విత్తనమునకు దాచిన ధనములో సగము నొక్క మడిపై వెచ్చించినట్లే.

ఫలితమెట్లున్నది? పదవ పోటీలయందు పవన్ మోకాలు నిలిచినది. అతడు రెండువందలకు పైగా కూతపాయింట్లు సంపాదించెను. కాని టైటాన్సు ఇరువదిరెండు మ్యాచులలో రెండింటిని మాత్రమే గెలిచి మరల నట్టడుగుననే నిలిచిరి. ఇది విచిత్రముగ దోచవచ్చును. అందరును భయపడిన యపాయము సంభవింపలేదు. ఎవరును లెక్కపెట్టని లోపము జట్టును ముంచినది. ఒక్కనికి సొమ్మంతయు పోసినందున మిగిలిన యారుగురి బలము చాలలేదు. వీరుడు పట్టుబడి బయట కూర్చున్న సమయమున కూతకు బోవువాడును, పట్టు పట్టువాడును కరవైరి.

దీనికి సరిగ నెదురుగ నున్నది అంతకుముం దేటి తలైవాసుల కథ. తమ పెన్నిధియనుకొన్న వీరుడు తొలి మ్యాచియందే కూలగా, ఆ జట్టు నరేందర్ అను క్రొత్త కుఱ్ఱవానికి కూత నప్పగించెను. ఆతడా యేడు విజృంభించెను. తలైవాసులు తమ చరిత్రలో మొదటిమారుగ ప్లేఆఫులకు బోవుటయే గాక సెమీఫైనలు వరకు నడచిరి. వీరుడు లేక ముందునకు బోయిన జట్టొకటి. వీరుడు నిలిచియుండియు వెనుకబడిన జట్టొకటి. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో మొదట నడుగవలసిన ప్రశ్న యేదో తెలియగలదు. "ఇతని గాయము మానినదా?" యనుట రెండవ ప్రశ్న. "ఇతడు లేనినాడు మన జట్టు నిలువగలదా?" యనుట మొదటి ప్రశ్న. మొదటిదానికి సమాధానము లేనివాడు రెండవదానికి సమాధానము సంపాదించియు లాభములేదు.

తరువాతి కథ యీ యంశమునే బలపరచుచున్నది. 2024 వేలమున టైటాన్సు పవనును 1 కోటి 72 లక్షల 50 వేల రూపాయలకు నిలుపుకొనిరి. ఆ సంవత్సరపు పోటీల నడుమ నతడు మరల గాయపడి పెక్కు మ్యాచులకు దూరమయ్యెను. అయినను విజయ్ మలిక్ మొదలగువారు భారము వహింపగా జట్టు పండ్రెండు మ్యాచులు గెలిచి యేడవ స్థానమున నిలిచినది. 2025 వేలమునకు వచ్చుసరికి పవన్ ధర 59 లక్షల 50 వేలకు దిగెను. కొనినవారు మరల తలైవాసులే. ఆగస్టు 29న ఆ యేటి తొలి మ్యాచి మన విశాఖపట్టణముననే జరిగెను. పవన్ అవతలి పక్షమున నాడెను. తలైవాసులు 38-35 తేడాతో టైటాన్సుపై గెలిచిరి. అయినను పోటీలు ముగియునాటికి ప్లేఆఫులకు జేరినది విజయ్ మలిక్ నాయకత్వముననున్న టైటాన్సు జట్టే. మూడేండ్లలో నొకే మనుష్యుని వెల రెండున్నర కోట్లకు పైనుండి అరువది లక్షలకు దిగినది. అతని విద్య యంతగ తరిగినదని యెవ్వరును చెప్పరు. తరిగినది అతని దేహముపై కొనువారికి గల నమ్మకము.

వేలమునందు బేరము బహిరంగముగ జరుగును. ఒక జట్టునుండి మరియొక జట్టునకు నేరుగ బదిలీ జరుగునపుడు చిక్కు మరియొక విధముగ నుండును. ఇందులకు హైదరాబాదు క్రికెట్టు జట్టే నిదర్శనము. మహమ్మద్ షమీ 2023 ప్రపంచకప్పునందు ఏడు మ్యాచులలో 24 వికెట్లు తీసి యందరికంటె మిన్నయైన బౌలరు. ఆ పోటీలు ముగిసిన పిదప మడమ బాధచే శస్త్రచికిత్స చేయించుకొని సుమారొక సంవత్సరము ఆటకు దూరమయ్యెను. 2024 నవంబరునందు బెంగాలు తరఫున రంజీ మ్యాచి ఆడి తిరిగివచ్చిన కొలది దినములకే, జెడ్డా వేలమున సన్‌రైజర్సు హైదరాబాదువారు 10 కోట్ల రూపాయల కతనిని గొనిరి. మరుసటి యేట తొమ్మిది మ్యాచులలో నతనికి దొరికినవి ఆరు వికెట్లు. పంజాబుతో హైదరాబాదున జరిగిన మ్యాచిలో నాలుగు ఓవర్లకు 75 పరుగు లిచ్చెను. 2025 నవంబరునందు అదే పదికోట్ల ధరకు అతనిని లక్నో జట్టునకు బదిలీ చేసిరి.

ఇచ్చట రెండు విషయములు గమనింపదగినవి. కోలుకొని బరిలో దిగుట వేరు, పూర్వపు వేగము తిరిగి వచ్చుట వేరు. ఒక రంజీ మ్యాచి నాలుగు చాళ్ల దుక్కివంటిది. దానిచే సంవత్సరపు సేద్యమును నిర్ణయించుట తొందరపాటు. రెండవది, అమ్ముజట్టు ఆటగాని దేహస్థితిని ప్రతిదినము చూచుచుండును. కొనుజట్టు మైదానమున గానవచ్చినదానిని మాత్రమే యెరుగును. ఇట్టి యసమానత యున్నచోట పూర్వపు ఖ్యాతినే చూచి పూర్తి ధర చెల్లించువాడు ఇతరుల కడగండ్లను గూడ కొనుచున్నాడని తెలిసికొనవలెను.

ఈ యసమానతను సవరించుటకు విదేశములందొక మార్గము కనుగొనిరి. ఉత్తర అమెరికాయందు మంచుపై నాడు హాకీకి నేషనల్ హాకీ లీగ్ అను గొప్ప సంస్థ కలదు. అందు ఎరిక్ లిండ్రాస్ అను మహావీరుడుండెను. తలకు మరల మరల దెబ్బలు తగిలి మెదడదరుటచే నతడు 2000-01 సంవత్సరమంతయు ఆడలేదు. 2001 ఆగస్టున ఫిలడెల్ఫియా జట్టువా రతనిని న్యూయార్కు రేంజర్సునకు బదిలీ చేసిరి. ఆ బేరమున నొక షరతు వ్రాసికొనిరి: అట్టి దెబ్బయే నిర్ణీతకాలములోపల మరల తగిలి యతడు దీర్ఘకాలము ఆడజాలనిచో, అమ్మిన జట్టు కొన్న జట్టునకు పరిహారము చెల్లింపవలెను. లిండ్రాస్ తొలి యేట 72 మ్యాచు లాడి 37 గోల్సు చేసెను. అయినను అతడున్న మూడేండ్లలో నొక్కమారైన రేంజర్సు ప్లేఆఫులకు జేరలేదు. 2004లో నతని తలకు మరల దెబ్బ తగిలినది. వీరుడొక్కడే జట్టు కాడను పాఠము అచ్చటను తప్పలేదు. కాని యపాయమును కాగితముపై బెట్టి యిరుపక్షములు పంచుకొనుట మాత్రము అనుసరింపదగిన న్యాయము.

ఈ యనుభవములనుండి కొనువారు గ్రహింపవలసినది మూడు మాటలలో చెప్పవచ్చును. ధరను ఖ్యాతితో గాక ఆడగల దినములతో కొలువవలెను. ఉదాహరణమునకు, ఇరువదిరెండు మ్యాచుల కొకనికి 2 కోట్ల 20 లక్ష లిచ్చినచో మ్యాచికి పదిలక్షలు పడును. అతడు పదునొకండు మాత్రమే యాడగల్గినచో ఇరువదిలక్షలు పడును. మిగిలిన పదునొకండింటికి బదులాటగాని నుంచు వ్యయము వేరు. ఇక, అతడు లేని దినముల కేర్పాటు చేసికొనిన పిదపనే యతనిపై వెచ్చింపవలెను. కడపట, గాయమెట్టిదో నిష్పక్షపాతియైన వైద్యునిచే, ఆటగాని యంగీకారముతో, పరీక్షింపజేయవలెను.

ఈ కడపటి విషయమున ఉద్దానమువారికి తెలిసిన దృష్టాంత మొకటి కలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినపుడు మన కొబ్బరితోటలును జీడితోటలును పడిన పాటు ఎవ్వరును మరువలేరు. నిలిచియున్న చెట్లలో వేనిని కొట్టివేయవలెను, వేనిని కాపాడవలెనను సమస్య యప్పుడు వచ్చినది. కొబ్బరిచెట్టునకు పెరుగుదల యంతయు నొక్క మొవ్వునందే యుండును. ఆకులన్నియు రాలినను మొవ్వు చెడనిచో చెట్టు కొంతకాలమునకు దేరుకొనును. చెట్టు నిటారుగ నిలిచియున్నను మొవ్వు విరిగినచో నది బ్రదుకదు. ఆటగాని గాయమునందును ఇట్టి వివేచన యావశ్యకము. కాలమిచ్చినచో మానునది కొన్నియేని, అతని విద్యకే మూలమైన దానిని కొట్టివేయునవి కొన్ని. పైకి కుంటు లేదని సంతోషించువాడును, కట్టు చూచి భయపడువాడును ఒకే విధముగ పొరపడుచున్నారు.

ఇంతవరకు కొనువారి లాభనష్టములను జెప్పితిమి. కాని యీ తూనికయందు మూడవవా డొకడు కలడు. దేహ మెవరిదో వాడు. అమ్మువారికొక త్రాసును, కొనువారికొక త్రాసును కలవు. ఆటగానికి త్రాసు లేదు. నొప్పి యున్నదని నిజము చెప్పినచో వెల పడిపోవును. చెప్పక యాడినచో కాలు పోవును. రెండుకోట్ల వీరునికే యిట్టి సంకటమున్నచో, నెలజీతమైన లేని పల్లె యాటగాని సంగతి యేమి చెప్పవలెను? పూర్వపు శ్రీకాకుళ జిల్లా వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారు తమ దేహబలముచే దేశదేశముల ఖ్యాతిగాంచిరి. అట్టి మహనీయునికే తుదిదినములలో కాలికి వ్రణము లేచి కాలు తీసివేయవలసి వచ్చినది. 1942లో వారు దివంగతులైరి. దేహము ఎంత గొప్పదైనను అక్షయమైన నిధి కాదు. దానివలన ఫలము ననుభవించినవారు అది చెడినపుడు దాని రక్షణమునకు బాధ్యులు కావలెనను ధర్మ మందువలననే యేర్పడుచున్నది.

ఈ మాట కోట్లతో వ్యవహరించు నగరవాసులకు మాత్రమే చెప్పునది కాదు. సంక్రాంతి దినములలోను, గ్రామదేవతల సంబరములలోను మన పల్లెలలో చెడుగుడు పందెములు జరుగుచుండును. భూవసతిగల పెద్దలు, పట్టణపు వర్తకులు బహుమానములు ప్రకటింతురు. జట్లవారు పొరుగూళ్లనుండి నేర్పరులైన కుఱ్ఱవాండ్రను పిలిపించి తమ తరఫున నాడింతురు. వేలము లేకున్నను అదియు బేరమే. మోకాటికి కట్టు కట్టుకొని వచ్చిన కుఱ్ఱవానిని "ఈ యొక్క యాటకు దిగుము" అని ప్రోత్సహించువారే యెక్కువ. ఆట ముగిసిన మరునాడు వాడు కుంటుచు పొలమునకు బోవలేక యింట గూర్చున్నచో పలుకరించువారు తక్కువ. ఆ కాలితోనే వాడు చెట్టెక్కి కాయ దింపవలెను, మూట మోయవలెను, తల్లిదండ్రులను పోషింపవలెను. "ఎద్దు పుండు కాకికి ముద్దా?" యని మన పెద్దలు ఊరక యనలేదు. ఒకని నొప్పి మరియొకని వినోదమైన చోట ఆ సామెత తప్పక జ్ఞాపకము రావలెను.

కావున బహుమానము లిచ్చు పెద్దలకు మా మనవి యిది. పందెమున కెత్తిపెట్టిన సొమ్ములో పదియవ వంతైనను గాయపడినవారి చికిత్సకు ముందుగనే వేరుపరుపుడు. పోటీదినమున వైద్యుని యొకనిని మైదానమున నుంచుడు. దిగరాదని యతడు చెప్పినవానిని ఎంతటి జట్టువారు కోరినను దింపకుడు. బరిని చదును చేసి రాళ్లేరి మెత్తని మట్టి పోయించుడు. ఇవి పెద్ద వ్యయములు కావు. ఒక్క కప్పు వెలలోను, ఒక్క రాత్రి దీపాల వెలలోను సరిపోవును. నొప్పిని చెప్పినవానికి అవమానమును, దాచినవానికి బహుమానమును కలుగు పద్ధతి మారినప్పుడే, గాయపడిన వీరుని వెల యెంత యను ప్రశ్నకు నిజమైన సమాధానము దొరకును. ఏలనన, ఆటగాడు భయపడక నిజము చెప్పగలిగిన చోటనే కొనువాని త్రాసు సరిగ తూగును.